అత్త పుట్టించిన దీవులు

భూమ్మీద ఎన్ని దీవులున్నాయో నాకు తెలియదు. మా మేనత్త పటాల్లో మాత్రం వాటికంటే ఎక్కువే ఉంటాయి. రెండేళ్ళుగా ఆవిడ లోకంలో లేని దీవి ఒక్కటైనా పెట్టకుండా ఏ పటాన్నీ ముగించలేదు. వీధిలో అందరూ ఆవిడని దీవులత్త అంటారు. చాటున కాదు, ముఖం మీదే.

ఆవిడ పని, పూల కాగితాలతో గోడకి తగిలించే ప్రపంచ పటాలు చేయడం. నీలం అట్ట సముద్రం. దాని మీద దేశానికో కాగితం: ఒకటి చారలది, ఒకటి గళ్ళది, ఒకటి సన్నటి పువ్వులది. ఆ ఇంట్లో దేశాల్ని పేరుపెట్టి పిలవరు. "చారలది ఆరిందా?" "చుక్కలదానికి ఇంకాస్త జిగురు రాయి" అంటారు. అక్కడ నాలుగు రోజులుంటే ఎవరైనా వార్తలు వింటూ "అయ్యో, గళ్ళదాంట్లో వరదలట" అనడం మొదలుపెడతారు.

అత్త గీస్తుంది, అతికిస్తుంది. కత్తిరించేది మావయ్య. ఆయన ముప్ఫై ఏళ్ళు టైలరు. కొట్టు మూసేశాక ఆయన కత్తెర తిన్నగా వచ్చి అత్త బల్ల దగ్గర కూర్చుంది. నేనుండేది ఎదురు వాటాలో కాబట్టి, పూర్తయిన పటాల్ని స్కూటరు మీద చేరవేయడం నా వంతు. చీవాట్లు తిరిగి మోసుకురావడం కూడా నా వంతే.

ఒకసారి ఓడలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి పటాన్ని చంకన పెట్టుకుని తనే వచ్చేశాడు.

"అమ్మా, ఈ సముద్రం మీద ఇరవై ఆరేళ్ళు తిరిగాను. ఇక్కడ దీవి లేదు."

"మీ డ్యూటీ పగలా, రాత్రా?"

"పగలే."

"అదీ సంగతి. ఓడ అక్కడికి రాత్రి చేరుంటుంది."

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. పటంతో సహా ఇంటికి వెళ్ళిపోయాడు.

భూగోళం చెప్పే మాస్టారు అంత తేలిగ్గా లొంగలేదు. "అక్కడ నీళ్ళు నాలుగు మైళ్ళ లోతండీ!" అని బల్ల గుద్దాడు.

"అబ్బో, అయితే ఎంత పొడుగు దీవో చూడండి మాస్టారూ! పైకి కనిపించేది ఇంతే."

ఇక విమానం టికెట్లు అమ్మే ఆఫీసు సంగతి. అక్కడి గోడ మీది పటంలో చుక్కల దీవి చూసి ఒక కొత్త జంట, వెళ్తే అక్కడికే వెళ్తామని భీష్మించింది. గుమాస్తా మూడు రోజులు ఛార్జీ వెతికాడు. నాలుగో రోజు ఓనరు నాకు ఫోను చేశాడు. "బాబూ, మీ అత్తగారిని ఆ దీవిలో ఒక విమానాశ్రయం కూడా కట్టమను."

ఇలా ఉండగా లైబ్రరీ వాళ్ళు పిల్లల గదికి పటం చేయమన్నారు. ఎనిమిదడుగుల వెడల్పు. అంత పెద్దది అత్త ఎన్నడూ చేయలేదు. లైబ్రేరియన్ మేడమ్ మహా పద్ధతి మనిషి. వరసలోంచి అంగుళం ముందుకొచ్చిన పుస్తకాన్ని వేలితో లోపలికి నెట్టి గానీ మాట్లాడదు.

"పిల్లలు చూసి నేర్చుకునే గదండీ. లేని దీవి ఒక్కటున్నా తీసుకోను," అంది.

"అలాగేనమ్మా," అంది అత్త. నేను ఉలిక్కిపడ్డాను.

అత్త మాట నిలబెట్టుకుంటుందో లేదో చూద్దామని ఆ వారమంతా బల్ల దగ్గరే తిష్ట వేశాను. మావయ్య చారల దేశం తీరం వెంబడి కత్తిరిస్తున్నాడు. ఒక మలుపు దగ్గర ఆయన చెయ్యి వణికింది. గోరంత ముక్క తెగి బల్ల మీద పడింది. కత్తెర ఆగిపోయింది. గదిలో కాగితాలన్నీ ఊపిరి బిగపట్టినట్టు అనిపించింది.

అత్త తల కూడా ఎత్తలేదు. "అబ్బ, దీవి ఎంత బాగా వచ్చిందండీ! ఇటివ్వండి," అని చెయ్యి చాపింది. కత్తెర మళ్ళీ కదిలింది.

మావయ్య మంచినీళ్ళకి లేవగానే అడిగాను. "అత్తా, అయితే ఆ దీవులన్నీ..."

"మెల్లగా ఏడువు. చెయ్యి వణకడం మొదలై రెండేళ్ళయింది. తప్పు తెగుతోందని తెలిస్తే ఆయన మళ్ళీ కత్తెర ముట్టడురా. రోజంతా గోడ చూస్తూ కూర్చుంటారు."

"మరి లైబ్రరీకి దీవులొద్దన్నారుగా. ఇదొక్కటీ నేను కత్తిరిస్తా."

"నీ చేతిలో కత్తెర చూసి ఆయనేమనుకుంటారు, జుట్టు కత్తిరించుకుంటున్నావనా?"

చెప్పిన రోజుకి మేడమ్ ఇంటికే వచ్చింది. అట్లాసు తెరిచి, పటం ఈ చివర నుంచి ఆ చివర దాకా పెన్సిలు మొనతో చూసుకుంటూ పోయింది.

"ఏడు," అంది. "లేని దీవులు ఏడు. మీరు మాటిచ్చారు కదండీ."

ఓడ ఆయనకీ మాస్టారికీ తడుముకోకుండా జవాబు చెప్పిన అత్త ఈసారి జిగురు డబ్బా మూత తిప్పడం మొదలుపెట్టింది. ఏమని చెబుతుంది? రెండడుగుల దూరంలో మావయ్య కూర్చుని పటం అంచుకి వేసే పూల పట్టీ కత్తిరిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన చెయ్యి మళ్ళీ వణికింది. ముక్క రాలింది.

"అబ్బ, ఎంత బాగా..." అలవాటుగా అనేసి, అత్త నాలిక కరుచుకుంది.

మేడమ్ ఆ ముక్క వంక చూసింది. మావయ్య చేతి వంక చూసింది. తర్వాత అత్త ముఖం వంక చాలాసేపు చూసింది. అట్లాసు మూసేసింది.

"ఇది పాతదండీ. ఎప్పుడు అచ్చేశారో ఏమో. కొత్తదాంట్లో ఇవన్నీ ఉండే ఉంటాయి." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఆ ఎనిమిదో దాన్ని కూడా అతికించండి. ఈ మూల బోసిగా ఉంది."

కింద వ్యాను ఆగింది. పటాన్ని చెరో చివరా పట్టుకుని నేనూ మావయ్యా మెట్లు దిగుతున్నాం. సగం మెట్ల దగ్గర ఆయన నన్ను ఆపి, పైకి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మీ అత్తకి దీవులంటే ప్రాణంరా. అందుకే అప్పుడప్పుడూ ఓ ముక్క కావాలనే తెంపుతుంటా. ఆవిడతో అనకు."

ఆయన పట్టుకున్న వైపు అట్ట సన్నగా అదురుతోంది. నీలం సముద్రంలో చిన్న అలల్లాగా.

"అనను మావయ్యా," అని, నా వైపు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.