ఓడ చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ

మా పెద్దమ్మకు ఓడ చూడాలని కోరిక. అరకు దగ్గర మా ఊళ్లో ఆమెకు ఎకరం కాఫీ తోట ఉంది. ఏటా గింజలు కొనుక్కెళ్లే షావుకారు, మీ కాఫీ ఓడెక్కి పరాయి దేశాలు పోతుందని ఆమెను ఊరిస్తుంటాడు. అరవై దాటినా ఆమె కొండ దిగింది ఆసుపత్రి పనుల మీదే. నేను విశాఖలో నర్సుగా చేరాక, పోయిన చలికాలం ఆమెను తీసుకొచ్చి నా గదిలో ఉంచుకున్నాను.

రేవు దగ్గరి పాత పట్నం వీధుల్లో ఒక గైడ్ నడిపిస్తూ అన్నీ చూపిస్తాడని తెలిసి ఇద్దరి పేర్లూ రాయించాను. ఆదివారం పొద్దున్నే పదిహేనుమందిమి బయల్దేరాం. తెల్లదొరలు కట్టిన గోదాముల ముందు, పెచ్చులూడిన మేడల ముందు ఆగి గైడ్ ఇంగ్లిషులోనే చెప్పుకుపోతున్నాడు. తెలుగులో చెప్పమని రెండుసార్లు అడిగాను. చివర్లో చెప్తానన్నాడు. అందాకా నాకు అర్థమైనంత నేనే పెద్దమ్మ చెవిలో చెప్పాను. దొరల సమాధుల తోటకు తాళం వేసి ఉంది. రేవు గేటు దగ్గర పాసు లేనిదే లోపలికి పంపనన్నారు. ఓడ సంగతి అటుంచి, గోడ తప్ప ఏమీ కనబడలేదు.

అక్కడే గుంపులో ఒకావిడ పెద్దమ్మ ముక్కుకున్న మూడు పోగులు, మొహం మీది పచ్చబొట్లు చూసి ఫోన్ పైకెత్తి ఫొటోలు తీయసాగింది. ఆమె వెనకే మరో నలుగురు. గైడ్ దొరల సంగతి ఆపేసి గిరిజనుల గురించి మొదలుపెట్టాడు. పెద్దమ్మను ఒక పాత తలుపు పక్కన నిలబెట్టమని, వీలైతే మా థింసా నాట్యం నాలుగడుగులు వేయించమని నన్నడిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఊళ్లో టూరిస్టులు కార్లు ఆపి మరీ ఫొటోలు తీస్తారు. చిన్నప్పుడు బడికి పోతుంటే నన్నూ అలాగే తీశారు. మేమూ మీలాగే చూడ్డానికి వచ్చామని చెప్పబోతే మాటకు బదులు ఏడుపొచ్చింది.

పెద్దమ్మ ముందుగా ఫోనెత్తిన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి మెల్లగా పక్కకు జరిపింది.

"కాస్త తప్పుకోమ్మా. నాను ఓడ సూడ్డానికొచ్చినాను," అంది.

ఆవిడ ఫోన్ దించింది. తప్పయిందని మాత్రం ఎవరూ అనలేదు. మేం గుంపును వదిలేసి, చేపలమ్మే ఒకామెను దారి అడిగి, చర్చి ఉన్న కొండెక్కాం. పైనుంచి రేవు, క్రేన్లు, వాటి పక్కన ఒక ఓడ కనిపించాయి. అందులోంచి బొగ్గు దించుతున్నారు. పెద్దమ్మ చాలాసేపు చూసింది.

"దీన్లో మన కాఫీ ఏదే గుంటా?" అంది. నేనింకా చిన్నపిల్లనైనట్టు గుంటా అనే పిలుస్తుంది.

లేదన్నాను. అది పెట్టెల్లో వేరే ఓడ మీద పోతుందేమో, నాకూ సరిగ్గా తెలీదన్నాను. ఇంత చదివి ఆ మాత్రం కనుక్కోలేదేటని విసుక్కుంది. పొద్దుటి నుంచి ఎవరి మీదా చూపని కోపం నా మీద చూపేసరికి నాకూ ఉక్రోషం వచ్చింది. ఆ విసుగుతోనే కిందికి దిగి, ఒక బండి దగ్గర వేయించిన చేపలు తిన్నాం.

పెద్దమ్మ ఊరెళ్లిన నాలుగు రోజులకు నేను ఫోన్ చేస్తే, ఓడ కన్నా ఆ కొండ కింద తిన్న వేయించిన చేపే బాగుందని చెప్పింది. ఆ ఫొటోలు ఎవరెవరి ఫోన్లలో తిరుగుతున్నాయోనన్న చికాకు మాత్రం నాకింకా పోలేదు.