వృత్తి గడిలో ‘లేదు’

ముప్ఫై ఏళ్లుగా చేపలమ్ముతున్న మనిషికి ఏ పనీ లేదని రాశారు. ఆ రాతతో ఆవిడ కూర్చునే చోటు పోయింది.

రెండేళ్ల కిందటి మాట. బందరులో ఒక ఆఫీసు గేటు పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాయడం నా వృత్తి. బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాది పాత పేపర్లూ, ఆఫీసువాళ్ల కసుర్లూ నేర్పాయి. ఆ ఏడు పాత చేపల మార్కెట్టు పడగొట్టి కొత్తది కట్టారు. స్టాళ్లు చేపలమ్మేవాళ్లకే ఇస్తామని ఇంటింటి సర్వే చేశారు. జాబితా అంటించిన రోజు నాంచారమ్మ నా బల్ల దగ్గరికొచ్చింది. జాబితాలో పేరుంది. వృత్తి గడిలో ‘లేదు’ అని ఉంది.

నాకు ఒళ్లు మండింది. ఈవిడ తెల్లారకముందే గిలకలదిండి చేపలరేవుకి వెళ్లి, వేలం పాటలో మగవాళ్లతో పోటీపడి సరుకు కొంటుంది. మొప్ప ఎత్తి చూసి అది ఏ పూట చేపో చెబుతుంది. సర్వే చేసినవాడు ఆవిడ గడప తొక్కకుండానే రాశాడని అర్జీలో ఏకిపారేశాను. ఒకటి కాదు, మూడు అర్జీలు. నాలుగు నెలలు తిరిగాం.

చివరికి ఎండార్స్‌మెంట్ వచ్చింది. అంటే, అర్జీకి ఆఫీసు రాసిచ్చే జవాబు. “అర్జీదారు స్వయంగా చెప్పిన ప్రకారమే నమోదు చేయడమైనది. వేలిముద్ర కలదు. గడువు ముగిసినందున మార్పు వీలుపడదు.”

“నువ్వే చెప్పావా?” అన్నాను.

“పనేంటని అడిగాడు బాబాయ్. ఏం లేదండీ, ఊరికే చేపలమ్ముకుంటానన్నాను. ‘ఊరికే’కి గడి లేదేమో మరి.” నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ గుమాస్తాల రాతలతోనే పోట్లాడాను. మనిషి తన గురించి తను లోపల రాసి పెట్టుకున్నది ఒకటుంటుందనీ, దాన్ని దిద్దమని అర్జీ పెట్టుకునే ఆఫీసు లేదనీ తట్టలేదు. ఇప్పుడు ఆడవాళ్లెవరొచ్చినా ‘పనేంటి’ అని అడగను. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తావమ్మా అంటాను. చెప్పించేసరికి నాకే ఓపిక అయిపోతుంది.

నాంచారమ్మ ఇప్పుడు కొత్త మార్కెట్టు గోడ బయట ఎండలో కూర్చుంటోంది. మొన్న ఉండబట్టలేక అడిగాను. “ఆ సర్వేవాడితో వ్యాపారం చేస్తానని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది?”

పొలుసు గీరుతూ, తలెత్తకుండా చెప్పింది.

“అప్పుడు మా ఆయన పక్కనే మంచం మీదున్నాడు బాబాయ్. నడుం పడిపోయి, పడవెక్కక ఆరేళ్లు. నాది పనని చెబితే, తర్వాత ఆయన్నడుగుతాడు కదా, మరి నీదేంటని.”