మూడు బెజ్జాలకు ఎనిమిది చుట్ల కట్టు

నా బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు ఉండేది. దగ్గితే బయటికి వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. ఒడ్డు మీద నిలబడి పెద్దవల తాడు లాగే రోజుల్లో అది మరీ పెరిగింది. హెర్నియా కావచ్చని అందరూ అంటే, శ్రీకాకుళంలో డాక్టరుగారికి చూపించుకుందామని మా మేనమామను తోడు తీసుకెళ్లాను. ఆయన కోటబొమ్మాళిలో చేపలమ్ముతాడు. ఐసు పెట్టెలు ఎత్తి ఎత్తి ఆయనకూ అదే జబ్బు. నాదానికంటే పెద్దది. ఏళ్ల తరబడి దాని మీద గుడ్డ బిగించి కట్టుకుని తిరుగుతున్నాడు.

డాక్టరుగారు ఇద్దరినీ చూశారు. పొట్ట కొయ్యక్కర్లేదన్నారు. మూడు చిన్న బెజ్జాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా పంపి, టీవీలో చూసుకుంటూ లోపలి వైపు నుంచి వల ముక్క లాంటిది అతికిస్తారట.

"ఆ వల కన్ను ఎంత ఉంటాది బాబూ?" అని అడిగాడు మావ.

డాక్టరుగారు నవ్వలేదు. ఆలస్యం చేస్తే పేగు ఇరుక్కుపోయి ప్రాణం మీదికి వస్తుందని మావకే ప్రత్యేకంగా చెప్పారు.

"ముందు మా అల్లుడికి సెయ్యండి. ఆడ్ని సూసి నాను వస్తాను" అన్నాడు మావ. కత్తి అంటే ఆయనకు హడల్.

నాకు చేశారు. మూడో రోజుకి ఇంటికొచ్చేశాను. పొట్ట మీద మూడు చోట్ల బొటనవేలంత ప్లాస్టర్లు, అంతే. నొప్పి ఉంది గానీ నడవగలను. ఆరు వారాలు బరువు ఎత్తొద్దని, తాడు పట్టుకోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

చిక్కు అక్కడే వచ్చింది. మా వాడలో ఆపరేషనంటే జానెడు కుట్లుండాలి. కుట్లు చూస్తే మూడు నెలలు ఎవరూ పనికి పిలవరు. నా ప్లాస్టర్లు చూసి మా వల జట్టంతా నవ్వింది.

"ఒరే, సీమలు కుట్టినట్టున్నాయి. ఇదేటి ఆపరేషనురా? రేపు తాడు కాడికి వచ్చీ" అన్నాడు జట్టు పెద్ద.

లోపల అతుకు ఇంకా గట్టిపడలేదని చెప్పాను. కెమెరా గురించి చెప్పాను. విన్నవాడు లేడు. నాకసలే ముక్కు మీద కోపం. మందుల షాపుకెళ్లి జానెడు వెడల్పు కట్టుగుడ్డ కొని, రొమ్ము కింద నుంచి మొలదాకా ఎనిమిది చుట్లు చుట్టించుకున్నాను. మధ్యలో కాస్త ఎర్రమందు కూడా పూయించాను. ఆ సాయంత్రం నుంచి ఒక్కడూ పిలవలేదు. పైగా పళ్లు తెచ్చిపెట్టారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు రోజులకు మావ నన్ను చూడ్డానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. అప్పుడు అరుగు మీద జట్టువాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు.

"బెజ్జాలన్నారు గదరా. ఇంత కోసీసినారేటి?"

నిజం చెబితే తెల్లారేసరికి తాడు పట్టుకోవాలి. "ఏటి సెప్తాను మావా" అని మూలిగాను.

ఆయన టీ తాగాడు. తన పొట్ట మీది గుడ్డను ఇంకాస్త బిగించుకున్నాడు. బస్సు వేళయిందని లేచి వెళ్లిపోయాడు. ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాలని ఆ రోజు అనుకున్నాను, మర్నాడూ అనుకున్నాను. తర్వాత మరిచిపోయాను. ఆ బద్ధకానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

మూడు వారాలకు మా అత్త ఫోన్ చేసింది. ఐసు పెట్టె ఎత్తుతుంటే మావ ఉబ్బు బయటికొచ్చి, మళ్లీ లోపలికి పోలేదట. ఒకటే వాంతులు. ఆస్పత్రికి చేర్చేసరికి పేగు నల్లబడింది. ఇక బెజ్జాల మాటెక్కడ? పొట్ట నిలువునా కోసి, పాడైన పేగు ముక్క తీసేశారు. బతికాడు.

వార్డులో ఆయన మంచం పక్కన కూర్చున్నాను. "ఈ కోత నువ్వెలాగ ఓర్సుకున్నావురా?" అని అడిగాడు. ఇక దాచడం నా వల్ల కాలేదు. చొక్కా పైకెత్తి, కట్టు విప్పి, జరిగిందంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. మావ చెయ్యి చాచి, ఒక్కో మచ్చ మీదా వేలు పెట్టి చూశాడు.

"ఇంతేనేటిరా?" అన్నాడు.

"ఇంతే మావా" అన్నాను.