పేరు చెప్పని రేడియో

మా కాలేజీ సెక్రటరీ గారితో నాకు రాజీ కుదిరిందనీ, ఆదివారం కాలేజీలో ఆయన జరిపే సంస్మరణ సభలో వేదిక మీద ఆయన పక్కన కూర్చోవడానికి ఒప్పుకున్నాననీ జహీరాబాద్‌లో చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. నిజం ఒక్కటే. ఆ కాలేజీలో ఒకప్పుడు ఫిజిక్స్ చెప్పిన లెక్చరర్, నేను అక్కా అని పిలిచిన మనిషి, పోయిన వారం కన్నుమూసింది.

నేను అదే కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. మేమిద్దరం కలిసి విద్యార్థుల చేత రేడియో నడిపించాం. అది గాలిలో పోయే రేడియో కాదు, తీగల మీద పోయేది. ఫిజిక్స్ ల్యాబ్ పక్కనున్న సామాన్ల గదిలో మైకు, ప్రతి వరండాలో ఒక స్పీకరు. మధ్యాహ్నం అన్నాల వేళ అరగంట సేపు వచ్చేది. గదిలో మాట ప్రతిధ్వనిస్తోందని అక్క మార్కెట్ నుంచి ఖాళీ అల్లం బస్తాలు తెప్పించి నాలుగు గోడలకూ మేకులతో కొట్టించింది. లోపలికి వెళ్ళి వార్తలు చదివిన పిల్ల ఒళ్ళంతా అల్లం వాసనతో బయటికి వచ్చేది.

"మా అమ్మ అడుగుతున్నది మేడమ్, నువ్వు కాలేజీకి పోతున్నవా, చాయ హోటల్‌కు పోతున్నవా అని" అంది ఒకరోజు కోహీర్ ఊరి నుంచి వచ్చే పిల్ల.

"రెండిట్ల దేంట్ల మంచిగ నేర్పుతరో అండ్లకే పొమ్మను" అంది అక్క.

చదివేవాళ్ళు తొందరపడితే అక్క తలుపు సందులోంచి చెయ్యి ఊపేది. "ఇనెటోళ్ళ నోట్ల బుక్క ఉన్నది బిడ్డా. నమలనియ్యి, తర్వాత చెప్పు." ఆ మాట నేను ఆ తరువాత తరగతి గదిలోకీ తీసుకువెళ్ళాను. పాఠం మధ్య ఆగడం నాకు నేర్పింది ఆమే.

మా రేడియోలో ఎవరూ పేరు చెప్పేవారు కాదు. దానికి కారణం మొదటి రోజు వచ్చిన ఝరాసంగం అమ్మాయి. "నా పేరు ఇన్నడంటే మా నాయిన సదువు బంద్ చేయిస్తడు మేడమ్" అని మైకు ముందు నుంచి వెనక్కి జరిగింది. అక్క ఆమెను మళ్ళీ మైకు దగ్గరికి తెచ్చింది. "అయితే ఊరి పేరు చెప్పు. ఊరిని బంద్ చేయలేడు గద." ఆ రోజు నుంచి "ఇది ఝరాసంగం", "ఇది కోహీర్" అంటూ మొదలుపెట్టేవారు. ఆ నియమానికి కట్టుబడే ఇక్కడ అక్క పేరు కూడా రాయడం లేదు.

ఒక మధ్యాహ్నం న్యాల్‌కల్ మాట్లాడింది. ఏ బస్సు రాలేదో, ఏ ఊళ్ళో కరెంటు లేదో చెప్పింది. ఆ వరసలోనే గొంతు మార్చకుండా ఇలా అంది: "మన కాలేజీల ఆడపిల్లల బాత్రూంకు తాళం ఏసిన్రు. తాళంచెవి ఆఫీసుల ఉన్నది. పోయి అడిగితే ఆడ కూసున్నోళ్ళు నవ్వుతున్నరు. అందుకే మేం ఇంటికాడికెల్లి వచ్చినంక నీళ్ళు తాగుతలేం." వరండాలో తింటున్న చేతులు ఆగిపోయాయి.

సెక్రటరీ గారు ఆ మధ్యాహ్నమే వచ్చారు. అక్కతో పాటు నేనూ గదిలోనే ఉన్నాను.

"ఎవతె అది? పేరు చెప్పున్రి."

"న్యాల్‌కల్ అని చెప్పింది గద సార్."

"ఊరంత వచ్చి మాట్లాడిందా?"

"అవసరమైతే వస్తది సార్" అంది అక్క.

ఆ సాయంత్రమే తాళం తీశారు. మరుసటి వారం స్పీకర్లు విప్పారు. విద్యా సంవత్సరం ముగిశాక అక్క కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ పిల్ల పేరు చెబితే ఉద్యోగం ఉంటుందని ఆమెకు రెండుసార్లు కబురు పంపారు. ఆమె చెప్పలేదు. మిగిలిన జీవితమంతా రెండు గదుల అద్దె ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటూ గడిపింది. నేను పర్మనెంటు కాబట్టి నన్ను తీయలేకపోయారు. పదవీ విరమణ దాకా ఆయనకు నమస్కారం చేయలేదు. అది గొప్పకు చెప్పడం లేదు. అప్పుడు నా చేతిలో ఉన్నది అంతే.

ఇప్పుడు కాలేజీలో కొత్తగా రేడియో గది కట్టారు. దాని మీద సెక్రటరీ గారి పేరే చెక్కించారు. "సెక్రటరీ గారి దూరదృష్టితో ఆనాడే ఆరంభమైన విద్యార్థి రేడియో" అని సభ ఆహ్వానంలో అచ్చు వేశారు. అందులో అక్క "సహకరించిన అధ్యాపకురాలు". పేర్లు చెప్పుకోని రేడియోకు ఎవరు ఏ పేరు పెట్టినా అడిగేవారు ఉండరని ఆయన నమ్మకం.

ఆహ్వానం ఇవ్వడానికి ఆయనే మా ఇంటికి వచ్చారు. "పోయిన మనిషి ముంగట పంతమెందుకు మేడమ్? జర పెద్దమనసు చేసుకోన్రి."

"ఆ మనసు మీకు అప్పుడుంటే ఆమె మీ కాలేజీలోనే రిటైర్ అయ్యేది" అని గేటు వేశాను.

చివరి రోజుల్లో దవాఖాన మంచం పక్కన కూర్చుని అక్కను అడిగాను, ఆయన మీద ఇంకా కోపముందా అని. "నాకైతే ఓపిక లేదు చెల్లె. నీకుంటె నువ్వు పెట్టుకో" అని కళ్ళు మూసుకుని నవ్వింది. పెట్టుకున్నాను. ఆమె నాకు వదిలి వెళ్ళిన ఆస్తి అదొక్కటే అనుకుంటున్నాను, దానిని జాగ్రత్తగానే చూసుకుంటున్నాను.

అందుచేత ఆదివారం నేను సభలో ఉండను. ఎన్నికలప్పుడు తిరిగే మైకు ఆటో ఒకటి మాట్లాడుకున్నాను. ఎవరి సలహా అడగలేదు, ఎవరినీ తోడు రమ్మనలేదు. డ్రైవరు పక్కన నేనే కూర్చుని, ఆ రేడియో ఎవరు పెట్టారో, ఎందుకు మూయించారో, ఎవరు మూయించారో, ఊరు ఊరునా చెబుతాను. కోహీర్, ఝరాసంగం, చివరికి న్యాల్‌కల్. సెక్రటరీ గారు ఇది చదువుతారని తెలుసు. చదవాలనే రాశాను. ఆటో బయలుదేరేది మాత్రం ఆయన ఇంటి గేటు ముందు నుంచి, ఆయన సభకు ఇస్త్రీ బట్టలు తొడుక్కునే వేళకు.

నిన్న డ్రైవరు వచ్చి అడిగాడు. "పెద్దమనుషుల గల్లీ గద అమ్మా, ఆడ సౌండ్ ఎంత పెట్టాలె?"

"ఎంత పెరిగితే అంత" అన్నాను.