టికెట్ కిటికీ కాడ బేరం

ఆ రోజుల్లో కరీంనగర్‌ల సినిమా చూడడమంటే సగం పండుగ. రేకుల షెడ్డు టాకీసు మీద మైకుల పాట మొదలైతే బజారంత అటే ఉరికేది. మగవాళ్లకొక కిటికీ, ఆడవాళ్లకొక కిటికీ. లోపల నడుమ పరదా. పెండ్లాం మొగుడు కలిసి పోయినా పరదాకు చెరోదిక్కే కూర్చోవాలె. (ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతరు.)

మాది బట్టల దుకాణం. బాపు నాకు నేర్పిన విద్య ఒక్కటే. చెప్పిన ధర ఇయ్యద్దు. బేరం తెగకపోతే తిరిగి చూడకుండ నడువు, వాడే పిలుస్తడు. వంకాయల కాడి నుంచి ఎడ్ల దాక ఈ విద్య నాకు ఎన్నడు మోసం చెయ్యలే.

నాకు కొత్తగ పెండ్లయింది. ఆషాఢమని తెల్లారి మా ఆమెను వాళ్లన్న వచ్చి పుట్టింటికి తీస్కపోతడు. వాళ్లది నిర్మల్ అవతల చిన్న ఊరు, సినిమా అన్నది ఎన్నడు చూసి ఎరుగదు. పోయేలోపల ఒక్కటన్న చూపిస్తనని మాటిచ్చిన. వచ్చి కథంత చెప్తనని ఆమె అప్పటికే చెల్లెండ్లకు కబురు గూడ పంపింది. అట్ల పగటి ఆటకు పోయినం.

"కుర్సీ టికెట్ నేల టికెట్ ధరకియ్యి," అన్న కిటికీల తలపెట్టి.

టికెట్లిచ్చేటాయన ముఖం పైకెత్తిండు. "సేటూ, ఇది కూరగాయల దుకాణమా?"

"ఆ స్తంభం ఎనుక కుర్సీ నాకెర్కే. సగం బొమ్మనే కనబడ్తది. సగం తగ్గించు."

"అయితే సగం టైముకే లేచిపో. జర జరుగు!"

ఎనుక లైనంత ఇకఇకలు. నాకు రోషమొచ్చింది. "మాకద్దు పో," అని మా ఆమెను తీసుకొని నడిచిన. మెల్లగ, పిలిస్తే వినబడేటంత మెల్లగ. సోడాబండి దాటినం.

"పిలుస్తలేడు గదా," అన్నది ఆమె.

"పిలుస్తడు. తిరిగి చూడకు. చూసినవంటే ధర దిగదు."

సైకిళ్ల దుకాణం గూడ దాటినం.

"ఇట్లనే పోతే మా ఊరొస్తది."

అప్పుడే మైకు బందయింది. బొమ్మ పడ్డదన్నట్టు. తిరిగి చూస్తె కిటికీ కాడ పురుగు లేదు. మా ఆమె కొంగుముడి విప్పుకుంట ఎనుకకు ఉరికింది, ఆడవాళ్ల కిటికీల అడిగినంత ఇచ్చి లోపలికి పోయింది. నేను రొప్పుకుంట పోయేసరికి మగవాళ్ల కిటికీ మూసిండ్రు.

"స్తంభం ఎనుకది గూడ అయిపోయింది సేటూ," అన్నడు గేటు కాడి మనిషి, పాపమన్నట్టు.

ఆట విడిచేదాక రేకులకు చెవి ఆనిచ్చి నిలబడ్డ. లోపల ఏడుపులు, ఈలలు. ఎందుకో తెల్వది. ఆమె మాత్రం కండ్లు ఉబ్బి, ముఖం వెలిగిపోతు బయటికొచ్చింది. ఇల్లు చేరేదాక కథే. అత్తలెక్క గద్దించింది, కోడలిలెక్క ఏడ్చింది. చివరికి గయ్యాళి ఆడబిడ్డ మనసు మారి, తన గాజులు తీసి వదినె చేతికి తొడిగే సీను చెప్తుంటే నడిబజార్ల నాకు గూడ కండ్లల్ల నీళ్లొచ్చినయి. (దుమ్ము పడ్డదన్న.)

ఏండ్లకు ఆ బొమ్మ మళ్ల వచ్చింది. అడిగిన ధర ఇచ్చి, రెప్పెయ్యకుండ చూసిన. గాజుల సీను రానే రాలే. ఇంటికొచ్చి అడిగిన, "ఆ సీను కోసేసిండ్రా ఏందే?"

ఆమె చాటల బియ్యం చెరుగుకుంట తలెత్తకుండనే అన్నది: "లేనే లేదు. బయట నిలబడ్డరు పాపమని, అది మీకు కొసరేసిన."

తెరమీది కథ ఎన్నడో మర్చిపోయిన. ఆ గాజులే ఇప్పటికీ గలగలమంటయి. ఇద్దరం ముసలోళ్లమైనం గదా, ఇంకోపారి చెప్పుమని అడుగుత. "ఒక్క బేరానికి ఒక్కపారే కొసరు," అంటది. ఇంకా బతిమాలుతనే ఉన్న.