బలసముద్రం మలుపులో టైర్లు పేర్చిన తిప్పేస్వామి

నిన్న ఆదివారం పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే తిప్పేస్వామి నంబర్ నుంచి ఫోన్.

శనివారం గొడవ ఇంకా సాగదీస్తాడనుకున్నాను. కావాలనే రెండుసార్లు ఎత్తలేదు.

మూడోసారి ఎత్తితే వాడి భార్య లక్ష్మీదేవి.

"అన్నా, ఆయప్ప లేపితే లేస్తా లేడు. నువ్వు బిరీన రా."

నేను బలసముద్రం చేరేసరికి అంతా అయిపోయింది. హార్ట్ అటాక్. నలభై ఆరేళ్లు.

నిజం చెప్తున్నా, నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. తిప్పేస్వామి సోలార్ ప్లాంటులో ప్యానెళ్లు కడిగే టీమ్‌కి సూపర్‌వైజర్. నాది పావగడ బజార్లో హార్డ్‌వేర్ షాపు. మా ఇద్దరికీ ఉన్న ఒకే పిచ్చి ఫార్ములా కార్ల రేసులు. పన్నెండేళ్లుగా నా షాపు వెనక గదిలో, టీవీ ముందు, రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చూశాం.

చూశాం అనడం తప్పు. పోట్లాడుకున్నాం.

రెండు సీజన్లుగా ఒకటే గొడవ. కొత్తగా ఇంకా కొన్ని సిటీల్లో స్ట్రీట్ సర్క్యూట్లు వస్తాయట. ఊరి రోడ్ల మీద, రెండు పక్కలా గోడల మధ్య రేసు. నాకు అది అస్సలు నచ్చదు. ఓవర్‌టేక్ చేసే చోటే ఉండదు, రైలు పెట్టెల్లాగా ఒకరి వెనక ఒకరు పోవడమే.

వాడికి అవే ప్రాణం.

"గోడ ఉండల్ల శెట్టీ. తప్పు చేస్తే గోడ అడగల్ల. బయలుండే తావ ఎవురైనా తోల్తారు."

అక్కడితో ఆగితే వాడు తిప్పేస్వామి ఎందుకవుతాడు? మన సోలార్ పార్క్ రోడ్డే మంచి స్ట్రీట్ సర్క్యూట్ అన్నాడు. "తార్రోడ్డు ఉండాది, కరెంటు ఉండాది. కరెంటు కార్ల రేసుకి ఇంకేం కావల్లప్పా?"

అని ఊరుకోలేదు. పోయిన ఏడాది ఒక ఆదివారం నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకుని, మలుపు మలుపూ చూపించాడు. మిట్టమధ్యాహ్నం. రెండు పక్కలా ప్యానెళ్లు, మొహం మాడిపోతోంది. ఒక గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపాడు. ఆయనకు కన్నడలో అరగంట క్లాసు. పిట్ లేన్ ఎక్కడ వస్తుంది, స్టార్ట్ ఎక్కడ, జనం ఎక్కడ కూర్చోవాలి. పాపం, ఆ మనిషి చివరికి "ఎప్పుడు సార్ రేసు?" అని అడిగాడు.

నేను తలపట్టుకున్నాను.

కానీ బలసముద్రం దాటాక ఉండే మలుపులో వీడు బండి ఆపాడు. అక్కడ ఇసుక చేరి ఉంటుంది. ఎదురుగా మోరీ గోడ. బైకులు జారి ఆ గోడకే తగిలేవి. ఇద్దరు పోయారు కూడా. మేమందరం రోజూ చూసిన మలుపే అది.

"రేసు పెట్టేవాళ్లయితే ఈడ టైర్లు పేర్చకుండా ఒక్క కారునీ వదలరు," అన్నాడు.

తర్వాతి వారం నా షాపుకొచ్చి బైండింగ్ వైర్, ఎర్ర పెయింటు, తెల్ల పెయింటు కావాలన్నాడు. పావగడలో పంక్చర్ షాపులన్నీ తిరిగి పాత టైర్లు అడుక్కొచ్చాడు. రోజంతా ఇద్దరమే పేర్చి కట్టాం. దారినపోయేవాళ్లు, "ఏంది, పంక్చర్ అంగడి పెడతాండారా?" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. వీడేమో, తెలుపు ఎరుపు పట్టీలు సమానంగా రాలేదని నా చేతే మళ్లీ పెయింట్ వేయించాడు.

మొన్న వానల్లో నిడుగల్లు గొర్రెల వ్యాపారి ఒకాయన అదే మలుపులో జారాడు. నేరుగా టైర్లలోకి పోయాడు. మోకాళ్లు చెక్కుకుపోయాయి, అంతే. లేచి నడుచుకుంటూ పోయాడు.

తిప్పేస్వామి పరిగెత్తుకుంటూ షాపుకొచ్చాడు. మనిషి బతికాడని చెప్పడానికి అనుకుంటున్నారా?

"చూసినావా శెట్టీ? గోడ ఉండల్ల, గోడకి ముందర టైర్లు ఉండల్ల. ఇప్పుడైనా ఒప్పుకో, స్ట్రీట్ సర్క్యూటే మేలని."

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతారు?

ఇక శనివారం సంగతి.

రేసుకు ముందురోజు జరిగే క్వాలిఫైయింగ్ చూడటానికి వచ్చాడు. చెయ్యి ఛాతీ మీదే ఉంది. చెమటలు. గ్యాస్ అన్నాడు. నేను కారు తాళం చేతిలోకి తీసుకున్నాను, తుమకూరు ఆస్పత్రికి పోదాం పద అన్నాను.

"రేపు రేసు అయిపోనీప్పా. సోమవారం పోదాం."

కాదు ఇప్పుడే అన్నాను. వాడు మాట మార్చాడు. కొత్త సర్క్యూట్ మ్యాప్ ఫోన్లో చూపించి, "నీ పాత ట్రాకులన్నీ ఇంక మ్యూజియంలో పెట్టుకో" అన్నాడు.

నేను పడిపోయాను ఆ మాటలో. గంటసేపు వాదించాను. గొంతు చించుకున్నాను. కారు తాళం చేతిలోనే ఉంది, ఛాతీ సంగతి మర్చిపోయాను.

చివరికి, "పో, నీతో ఇంక మాట్లాడను" అన్నాను. పోయాడు.

నిన్న మట్టి వేసేటప్పుడు ఆ నిడుగల్లు వ్యాపారి వచ్చాడు. పార తీసుకుని, ఆఖరిదాకా ఆయనే మట్టి తోశాడు.

తర్వాత లక్ష్మీదేవి నా దగ్గరికి వచ్చి చెప్పింది.

"రాత్రి నేను ఆటో పిలుస్తానంటే వద్దన్యాడన్నా. శెట్టి కారులోనే పోతా, వాడైతే దారి పొడుగునా కొట్లాడతాడు, నాకు నొప్పి తెలీదు అన్యాడు."

అప్పుడు ఏడ్చాను.

ఇది చదివేవాళ్లకు ఒకటే చెప్తాను. మీవాళ్లు ఎవరైనా ఛాతీ పట్టుకుని "గ్యాస్" అంటే, వాదనకు దిగకండి. వాదనలో వాళ్లే గెలుస్తారు. రెక్క పట్టుకుని కారెక్కించండి. తిట్లు తర్వాత తినొచ్చు.

పోయి రా తిప్పేసామీ. నన్ను ఇంత ఏడిపించావు. నువ్వైనా నెమ్మదిగా ఉండు.