రోండాకి సంబంధం లేదన్నారు

మొన్న కొండమీది కాలేజీవాళ్లు తమ శతవార్షికోత్సవానికి మెరిసే కాగితాల పుస్తకం ఒకటి అచ్చువేశారు. అందులో మైకు ముందు కూర్చున్న రోండా ప్లూఫ్ ఫొటో ఉంది. కింద "రేడియోలో మా విద్యార్థిని" అని రాశారు. చూడగానే ఒళ్లు మండిపోయింది. రోండా ఏనాడూ వాళ్ల విద్యార్థిని కాదు.

మసాచుసెట్స్‌లో, నది ఒడ్డున, ఒక్కొక్కటిగా మిల్లులు మూతపడుతున్న ఊరు మాది. 1981లో నాకూ రోండాకూ పదహారేళ్లు. మూడంతస్తుల చెక్క ఇంట్లో కింది వాటా వాళ్లది, పై వాటా మాది. పెద్ద స్టేషన్లన్నీ అరిగిపోయిన గిటారు పాటలే తిప్పితిప్పి వేసేవి. ఒక శనివారం మధ్యాహ్నం గిన్నెలు తోముతూ రోండా రేడియో ముల్లు చివరిదాకా తిప్పింది. గరగరల మధ్య కాలేజీ స్టేషన్ తగిలింది. సింథసైజర్ అనే కరెంటు మీటల వాయిద్యం సన్నగా, చల్లగా మోగుతోంది. ఎవరో అమ్మాయి అలిగినట్టు పాడుతోంది. రోండా చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది.

బూట్ల ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన వాళ్ల నాన్న ఆర్మాండ్ చెవులు మూసుకున్నాడు.

"ఇది పాటటే? వాషింగ్ మెషీన్లో చెంచాలు పడ్డట్టుంది."

"నీ అకార్డియన్ పెట్టె కంటే నయమే నాన్నా. అది దగ్గుతుంది."

పాట పేరేమిటో అడగడానికి రోండా స్టేషన్‌కి ఫోన్ చేసింది. వెర్నన్ అనే కాలేజీ కుర్రాడు ఎత్తాడు.

"దీన్ని న్యూ వేవ్ అంటారు. ఎక్కణ్ణించి మాట్లాడుతున్నావు?"

"కింద, మిల్లు వీధి నుంచి."

"అక్కడిదాకా వినిపిస్తోందా మాది! అయితే పైకి రా, చూద్దువుగాని."

వెళ్లింది. కాలేజీ నేలమాళిగలో చిన్న గది, గోడల నిండా రికార్డులు. వెర్నన్ ఆమెకు రికార్డు మీద ముల్లు పెట్టడం నేర్పాడు. మరుసటేడు వసంతానికల్లా శనివారాల్లో ఒక గంట ఆమె చేతికే వదిలేశాడు. ఆమె గొంతు మా వంటింట్లో విన్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, గర్వమూ కలిగింది.

"ఈ పాట ఇంగ్లండులో ఒక మిల్లుల ఊరి పిల్లలు చేసింది. వాళ్లకీ పనుల్లేవంట. పాత సింథసైజర్ పట్టుకుని మొదలెట్టేశారు. మరి మనకేం రోగం?" అనేది.

ఆ వేసవిలో విద్యార్థులంతా ఇళ్లకు వెళ్లాక కాలేజీవాళ్లు స్టేషన్‌ని రికార్డు చేసిన ప్రసంగాలు ప్రసారం చేసే పొరుగు రాష్ట్రపు సంస్థ ఒకదానికి అమ్మేశారు. ఒక్కరికీ చెప్పలేదు. రోండా వెళ్లేసరికి తలుపుకు కొత్త తాళం ఉంది. రికార్డులు వెనకవైపు చెత్త డబ్బాలో వానకు నానుతున్నాయి. మేమిద్దరం డబ్బాలోకి దిగి, దొరికినన్ని తీసుకుని వానకోట్లలో చుట్టి మోసుకొచ్చాం. దారిపొడవునా రోండా ఏడవలేదు, తిట్టింది.

సెప్టెంబరులో కాలేజీ పెద్దల సభ జరిగింది. ఎవరైనా రావచ్చన్నారు. రోండా లేచి నిలబడితే, బోర్డు అధ్యక్షుడు హాల్డేన్ కళ్లజోడు సర్దుకున్నాడు.

"నువ్విక్కడ చదువుతున్నావా, అమ్మాయ్?"

"లేదండీ."

"మరి నీకేం సంబంధం?"

"మీ పిల్లల కోసమే అయితే గదిలోనే మోగించుకోవాల్సిందండీ. గాల్లోకి వదిలారు. మా వంటింట్లోకొచ్చింది. నేను విన్నాను. అదే నా సంబంధం."

అప్పుడు వెనక వరసలోంచి ఆర్మాండ్ లేచాడు. ఫ్యాక్టరీ చొక్కా కూడా మార్చుకోలేదు.

"అయ్యా, ఆ పాటలు నా చెవులకు ఎక్కవు. కానీ నా కూతురికి అవంటే ప్రాణం. మాటమాత్రం చెప్పకుండా ఎలా తీసేస్తారు?"

మా వీధివాళ్లు ఎంతోమంది వచ్చారు. ఒక్కరూ గొంతు కలపలేదు, నేల చూపులు చూశారు. హాల్డేన్ ఇద్దరికీ ధన్యవాదాలు చెప్పి తరువాతి విషయానికి వెళ్లాడు. అది పార్కింగ్ స్థలం గురించి.

రోండా ఆ చలికాలమంతా బేకరీలో పనిచేసి పాత సింథసైజర్ కొంది. అందులో రెండు మీటలు పలికేవి కావు. మిల్లు వీధి పిల్లలిద్దర్ని కలుపుకుని చర్చి కింది హాలులో తన సొంత పాటలు వాయించింది. ఆర్మాండ్ చెవుల్లో దూది పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తరువాత ఎన్నో ఊళ్లలో వాయించింది, ఇప్పటికీ వాయిస్తోంది. తనకు కోపం పోయిందంటుంది. నాకు పోలేదు. రేడియోలో ఆ చోటికి ముల్లు తిప్పితే ఎవరో ఎక్కడో ఎప్పుడో రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది. దానికి మా ఊరి పేరు కూడా తెలియదు.